పుట్టుపూర్వములెఱుగని పశువు

పూర్వము మన కోనసీమలో పశువు సాధారణముగా ఇంటిలోనే పుట్టెడిది. లేనియెడల మేనమామగారి యూరినుండియో, వియ్యంకుల పెరటినుండియో తోలుకొని వచ్చెడివారు. దాని తల్లి పూటకు ఎన్ని సోలల పాలిచ్చినదో, ఏ యీతలో తన్నినదో, ఏ వేసవిలో మేత మానినదో చెప్పగల వృద్ధులు ఇరుగుపొరుగుననే యుండిరి. పశువుతోబాటు దాని చరిత్రయు పలుపు పట్టుకొని వచ్చెడిదని చెప్పవచ్చును. నేడట్లు కాదు. హర్యానా రాష్ట్రమందలి రోహతక్, హిస్సారు, జింద్ ప్రాంతములనుండి ముర్రా గేదెలు లారీలమీద రెండువేల కిలోమీటర్లకు దగ్గఱ దూరము ప్రయాణము చేసి మన లంకలకు చేరుచున్నవి. దగ్గఱ సంతలో కొన్న గేదెయైనను మూడు నాలుగు చేతులు మారి వచ్చినదే యగుచున్నది. అమ్మువాడు దాని పేరు కూడ ఎఱుగడు. కొనువాడు వాని యూరు ఎఱుగడు.

అట్టి పశువును ఇంటికి తెచ్చుకొనుట తప్పని మేము చెప్పము. తెచ్చుకొనక గడువని రోజులివి. అయితే పుట్టుపూర్వములు తెలియని పశువు విషయమున తెలిసికొనగలిగినంత ఎట్లు తెలిసికొనవలెనో, తెలియరాని దానివలన కీడు కలుగకుండ ఎట్లు కాచుకొనవలెనో ఈ పాఠమున కొంత వివరింపదలచితిమి.

ముందుగా ఒక లెక్క చూడుడు. మంచి ముర్రా గేదె వెల లక్ష రూపాయలకు పైమాట. మన సభ్యుడొకడు ఆ సొమ్ము అప్పు తీసి, చూడిగేదెను కొని తెచ్చి, తన పాకలోనున్న రెండు గేదెల ప్రక్కన కట్టివేసెననుకొందము. ఏడవ మాసమున ఆ గేదె ఈసుకొనిపోయినది. మాయ పడలేదు. ఇంటి యిల్లాలు చేతులతో పాక శుభ్రము చేసినది. తరువాత పాతగేదెలలో ఒకటియు ఈసుకొనిపోయినది. కొంతకాలమునకు ఇంటి యజమానికి విడిచి విడిచి వచ్చు జ్వరము, కీళ్ళనొప్పులు పట్టుకొన్నవి. ఇక్కడ పోయినది లక్ష రూపాయలు మాత్రమే కాదు. ఇంటిలో నున్న పాడియు పోయినది, మనిషి ఆరోగ్యమును పోయినది, అప్పు వాయిదా మాత్రము నిలిచినది. ఇట్టివి ఊహామాత్రములు కావు. పశువైద్యులు తఱచుగా చూచునవే.

ఇక సంతలో చూడవలసినవి. మొదట చెవి చూడుడు. ఇప్పుడు ప్రభుత్వమువారు పశువు చెవికి పసుపుపచ్చని బిళ్ళ వేయించుచున్నారు. దానిమీద పండ్రెండు అంకెల సంఖ్య ఉండును. ఆ సంఖ్య పశువైద్యశాలలో చూపినచో, గాలికుంటు టీకా ఎప్పుడు పడినది, కృత్రిమ గర్భధారణ ఎప్పుడు జరిగినది మొదలగు నమోదైన విషయములు కొంతవఱకు తెలియును. పూర్వకాలపు వృద్ధుని జ్ఞాపకమునకు బదులు మనకు మిగిలిన ఆధారము ఇదియే. బిళ్ళ లేక, చెవికి చిరిగిన రంధ్రము మాత్రము ఉన్నచో ఆ పశువు చరిత్రను ఎవరో కావలెనని త్రెంచివేసిరేమో యని శంకింపవలెను. అన్నివేళల అది మోసమే కానక్కఱలేదు, కంచెకు తగిలి ఊడినదియు కావచ్చును. ఐనను కారణ మడుగుటకు వెఱవరాదు. అమ్మువాని పేరు, ఊరు, ఫోను సంఖ్య, బిళ్ళ సంఖ్య వ్రాయించి రసీదు పుచ్చుకొనుటకు సిగ్గుపడు రైతులు పెక్కుమంది కలరు. నూఱు రూపాయల ఎరువునకు రసీదు అడుగువారు లక్ష రూపాయల గేదెకు అడుగకుండుట మాకు వింతగా నుండును.

వయస్సు పండ్లలో నున్నది. పశువునకు పైదవడ ముందు భాగమున పండ్లు ఉండవు. క్రిందిదవడ ముందు ఎనిమిది పండ్లుండును. పాలపండ్లు చిన్నవి, తెల్లనివి. అవి ఊడి నడుమనుండి జతలు జతలుగా పెద్దపండ్లు వచ్చును. గేదెకు మొదటి జత సుమారు రెండున్నర మొదలు మూడేండ్ల నడుమను, తరువాతి జతలు ఇంచుమించు ఏడాదికొకటి చొప్పునను వచ్చి, అయిదారేండ్లకు ఎనిమిదియు పూర్తియగును. ఆవునకు ఇంతకంటె కొంత ముందుగా వచ్చును. ఎనిమిది పండ్లును వచ్చిన పిదప వయస్సు చెప్పుట కష్టము. అప్పుడు అరుగుదలనుబట్టి, పండ్ల నడుమ సందునుబట్టి అంచనా వేయవలెను. కొమ్ములమీది వలయములనుబట్టి ఈతలు లెక్కించు అలవాటు మనవారిలో కలదు. అది కొంతవఱకు నిజమే గాని, చాకుతోను గాజుపెంకుతోను కొమ్ము గీచి నూనె రాచిన పిమ్మట ముసలిగేదె పడ్డవలె మెఱయును. కావున కొమ్మును నమ్మక నోరు తెఱచి చూడవలెను. నోరు తెఱువనీయని బేరగాని దగ్గఱ కొనవలసిన పని లేదు.

పాలవిషయమై జరుగు మోసములు పలువిధములు. ఒక పూట పిండక విడిచినచో పొదుగు నిండుకుండవలె కనబడును, రెండవ పూట పిండినప్పుడు రెండు పూటల పాలు ఒక్కసారిగా వచ్చును. దీనికి విరుగుడు సులభము. ముందురోజు సాయంకాలము మన యెదుట పూర్తిగా పిండించి, ఆ పాలు లెక్కలోనికి తీసికొనక, మఱునాటినుండి వరుసగా మూడు పూటలు మన పాత్రతో కొలిచి చూడవలెను. పిండునప్పుడు నాలుగు చన్నులను వేఱువేఱుగా చూచుకొనుడు. మొదటి ధారలు నల్లని గుడ్డమీదగాని నల్లని పళ్ళెములోగాని పట్టినచో విరుగుడు ముక్కలు, రక్తపు చాఱ, నీళ్ళ పలుచదనము తేటగా తెలియును. అవి పొదుగువాపు గుర్తులు. పొదుగును తడిమి చూచి గట్టి గడ్డలున్నవేమో తెలిసికొనుడు. పిండిన తరువాత మంచి పొదుగు ముడుతలు పడి మెత్తబడును. మాంసము నిండిన పొదుగు పిండక ముందెట్లో పిండిన తరువాత నట్లే యుండును.

దూడనుగూడ గమనింపవలెను. చచ్చిన దూడకు బదులు మఱియొక దూడను చేర్చి చూపు బేరగాండ్రు కలరు. తల్లి తన దూడను వాసన చూచి నాకును. పరాయి దూడను తలతో త్రోయును, లేదా ఉదాసీనముగా నుండును. ఇంతకంటె చెడ్డది ఆక్సిటోసిన్ సూది. ఆ సూది పడగానే పశువు చేపి పాలు విడుచును. దానికలవాటు పడిన గేదె కొన్నవాని యింట సూది లేక చేపనని మొండికెత్తును. పశువు ఆరోగ్యము చెఱచునట్లు సూదిమందులతో పాలు పెంచు పనులను 1960 నాటి జంతుహింస నివారణ చట్టము 12వ విభాగము నిషేధించుచున్నది. పిండుటకు ముందు బేరగాడు పశువు మెడదగ్గఱగాని తొడదగ్గఱగాని చేయిపెట్టి ఏమో చేసినట్లు కనబడినచో కన్ను అటే యుంచుడు.

చూడిగేదె యని చెప్పినమాటను ఎన్నడు మాటమీదనే నమ్మరాదు. గేదె చూలు సుమారు 310 దినములు, అనగా పది మాసముల పది దినములు. ఆవునకు సుమారు 280 దినములు. పశువైద్యుడు చేతితో పరీక్షించినచో రెండు మూడు మాసముల చూలునుగూడ నిర్ణయింపగలడు. ఆ పరీక్షకగు ఖర్చు బేరములో మధ్యవర్తికిచ్చు దానికన్న తక్కువ.

పైవన్నియు కంటికి కనబడునవి. కంటికి కనబడనివి మఱి రెండున్నవి. అందుచేత వానినిగూర్చి కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

మొదటిది బ్రూసెల్లా సూక్ష్మజీవివలన వచ్చు ఈసుడు రోగము. ఈ జీవిని 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు మాల్టా ద్వీపమున జ్వరముతో చనిపోయిన సైనికుల శరీరములలో కనుగొనెను. అక్కడి సైనికులకు ఆ జ్వరము ఎట్లు వచ్చుచున్నదో చాలకాలము తెలియలేదు. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిట్ అను మాల్టా వైద్యుడు అది మేకపాలలోనుండి వచ్చుచున్నదని నిరూపించెను. ఆ మేకలు చూచుటకు పుష్టిగానే యుండెడివి. ఈ సంగతి మనము ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఈ రోగమున్న గేదె బాగుగా మేయును, నెమరువేయును, నిగనిగలాడుచుండును. చూలు ముదిరిన తరువాత, సాధారణముగా అయిదవ మాసము దాటిన పిమ్మట, ఈసుకొనిపోవుటయే మొదటి గుర్తు. అట్లు పడిన పిండమునందును, మాయయందును, ఉమ్మనీటియందును సూక్ష్మజీవులు కోట్లకొలది ఉండును. వానిని వట్టిచేతులతో ముట్టినవారికి, పచ్చిపాలు త్రాగినవారికి రోగము సోకును. పురుషులకు వృషణముల వాపు, స్త్రీలకు గర్భస్రావము కలుగవచ్చును.

దీనికి రక్తపరీక్ష కలదు. పశువైద్యశాలవారు రక్తము తీసి, రోజ్ బెంగాల్ అను పరీక్ష చేయించెదరు. ఒక చిక్కు మాత్రము ఉన్నది. క్రొత్తగా సోకిన పశువునకును, చూడిపశువునకును ఒక్కొక్కప్పుడు పరీక్షలో రోగము బయటపడదు. కావున ఒంటరిగా నుంచిన దినములు ముగియునప్పుడొకసారియు, చూడిదైనచో ఈనిన రెండు మూడు వారముల తరువాత మఱియొకసారియు పరీక్షింపవలెను. పెయ్యదూడలకు నాలుగవ మాసము మొదలు ఎనిమిదవ మాసములోపల ఒక్కసారి టీకా వేయించిన జీవితకాలము రక్ష యగును. 2019 సెప్టెంబరులో మథురలో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నివారణ కార్యక్రమమున గాలికుంటు టీకాతోబాటు ఈ టీకాను గూడ చేర్చిరి. పెద్దయైన పశువునకు, చూడిపశువునకు ఈ టీకా వేయరాదు. చిన్ననాట టీకా పడినదా లేదా యన్నది తెలిసిననే పరీక్షాఫలితమును వైద్యుడు సరిగా చెప్పగలడు. చెవిబిళ్ళ ఉపయోగము ఇక్కడ మఱల కనబడుచున్నది.

రెండవది క్షయ. రాబర్ట్ కోఖ్ 1882లో క్షయ సూక్ష్మజీవిని కనుగొనెను. పశువుల క్షయ పచ్చిపాలవలన మనుష్యులకు, ముఖ్యముగా పిల్లలకు రాగలదు. మెడ చర్మములోనికి ట్యుబర్క్యులిన్ ఎక్కించి, 72 గంటల తరువాత చర్మము మందము కొలిచి ఈ రోగమును కనుగొందురు. సంతలో దీనికి వ్యవధి చాలదు. ఇంటికి తెచ్చిన తరువాతనే చేయించవలెను. పాలు పొంగువఱకు కాచి త్రాగు మన యిండ్ల ఆచారము ఈ రెండు రోగములనుండియు మనలను చాలవఱకు కాపాడుచున్నది. అయితే పొదుగుదగ్గఱ పిల్లలకు నురుగుపాలు పట్టు అలవాటు ఇంకను కొన్ని యిండ్లలో ఉన్నది. క్రొత్తపశువు విషయమున దానిని బొత్తిగా మానవలెను.

ఇంటికి తెచ్చిన పశువును ముప్పది దినములు వేఱుగా నుంచుడని పశువైద్యులందఱు చెప్పుదురు. గాలికుంటు సోకిన రెండు మొదలు పదునాలుగు దినములలో బయటపడును. గొంతువాపు వ్యాధి సూక్ష్మజీవి కొన్ని గేదెల గొంతులో అణగియుండి, లారీ ప్రయాణపు బడలికచేత విజృంభించును. ఈ రెండును సాధారణముగా ముప్పది దినములలో తెలియును. చెప్పుట సులభమే. కోనసీమలో చేయుట ఎట్లు? మన యిండ్లు తోటలలో దగ్గఱదగ్గఱగా నున్నవి. ఒక పెరటినుండి మఱియొక పెరటికి కొబ్బరిమట్టల దడి తప్ప అడ్డము లేదు. అన్నిటికన్న ముఖ్యమైనది కాలువ. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు నీరే మన పంటలకును, పశువుల కడుగుటకును. ఎగువ రేవులో క్రొత్తగేదెను దింపిన దిగువ రేవులో నున్న గేదెలన్నియు ఆ నీరు త్రాగుచున్నట్లే. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఊరి పశువులన్నియు ఒకే చెఱువులో దిగును, అప్పు డపాయము మఱింత ఎక్కువ.

మేము చెప్పు ఉపాయమిది. తోట చివర, ఇతర పశువులు పోని మూల, నాలుగు కొబ్బరిచెట్ల నడుమ తాటాకుల పందిరి వేయుడు. దానికి వేఱు కుడితిగోలెము, వేఱు పలుపు, వేఱు పార ఉంచుడు. బావినీటితోగాని బోరునీటితోగాని అక్కడనే కడుగుడు, కాలువకు తోలవద్దు. పాలు పిండువాడు ముందు పాతగేదెలను పిండి, పిదప క్రొత్తదానిని పిండవలెను. చేతులు సబ్బుతో కడిగికొనవలెను. దాని పేడ పెంటకుప్పలో కలుపక వేఱుగా గోతిలో వేయుడు. ఇంతమాత్రపు చోటు లేని సభ్యులు పెక్కురుందురని మాకు తెలియును. ఏ గ్రామమునందైనను నలుగు రయిదుగురు సభ్యులు కలిసి, ఒకరి తోటలో ఇట్టి ఒంటరిపాక నొకటి కట్టుకొని, క్రొత్తపశువు వచ్చినపుడెల్ల వరుసక్రమమున వాడుకొనుట సహకార పద్ధతికి తగిన పని. వెదుళ్ళు, తాటాకులు, ఒక గోలెము, ఒక గొట్టపు బావి తప్ప వేఱే పెట్టుబడి లేదు.

ఒంటరిగా నున్న దినములు వట్టిగా పోనీయరాదు. వచ్చిననాడు నీరు కొంచెము కొంచెముగా, బెల్లమును ఉప్పును కలిపి యిచ్చి, నీడలో విశ్రమింపనీయుడు. ఉత్తరదేశపు గేదె గోధుమపొట్టుకును బర్సీము పచ్చిమేతకును అలవాటుపడినది, మన వరిగడ్డి దానికి క్రొత్త. దాని కడుపులోని సూక్ష్మజీవులు మేతకు తగినట్లు మారుటకు దినములు పట్టును. పదిదినములు మొదలు రెండు వారములవఱకు క్రమక్రమముగా మార్చవలెను. పాలు తగ్గినవని కంగారుపడి తౌడు, నూకలు, గానుగపిండి ఒక్కసారిగా కుమ్మరించుట గొప్ప పొరపాటు. అట్లు చేసిన కడుపులో పులుపు పెరిగి, మేత మాని, పశువు పడకవేయును. జనుము, పిల్లిపెసర చేతిలోనున్నవారు ఎండబెట్టినది కొంత, పచ్చిది కొంత చేర్చి అలవాటు చేయుట మంచిది.

చేతికందినంతమేరకు పిడుదులు, గోమార్లు ఏరించి, వైద్యుడు చెప్పిన మందు పూయించుడు. పేడ పరీక్ష చేయించి నట్టలమందు త్రాగించుడు. మన ప్రాంతమున మఱియొక శత్రువు కలదు, కార్జమునకు పట్టు జలగ. దీని పిల్లలు మొదట కాలువగట్ల నత్తలలో పెరిగి, పిదప నీటియొడ్డు పచ్చికకు అంటుకొని, అది మేసిన పశువు కార్జమునకు చేరును. పశువు చిక్కి, పాఱికొని, దవడ క్రింద నీటిసంచి వ్రేలాడును. మెట్టప్రాంతమునుండి వచ్చిన పశువునకు ఇది క్రొత్త. లంకగడ్డిమీదికి ఒక్కసారిగా విడిచినచో కొన్ని మాసములకు గాని ఫలము తెలియదు. దిగువభూముల గడ్డిని కోసి బాగుగా ఎండబెట్టి వేయుట కొంత క్షేమము.

ఇంతవఱకు శరీరము మాట. స్వభావము మాటయు చెప్పవలసియున్నది. పూర్వచరిత్ర తెలియని పశువు ఎవరి చేత దెబ్బలు తిన్నదో మన మెఱుగము. ముకుతాడు పుండు, వీపున వాతలు, తోక విఱిచిన గుర్తు, కాలికి త్రాడు ఒఱసిన మచ్చ మొదలగునవి కొంత చెప్పును. చేయి ఎత్తగానే తల త్రిప్పుకొను గేదె కఱ్ఱకు బెదరినది. వెనుకనుండి పోయిన తన్ను గేదె వెనుకనుండి సూదులు పడినది కావచ్చును. అట్టిదానిని పొగరుబోతని కొట్టి లొంగదీయజూచుట వ్యర్థము, ఏలయన గేదె పాలు విడుచుట దాని మనస్సుపై ఆధారపడియుండును. గేదె పొదుగులో చన్నులపైనున్న తొట్టిభాగమున నిలువయుండు పాలు బహుస్వల్పము. తక్కినదంతయు లోపలి సన్నని గ్రంథులలో నుండును. దూడ ముట్టెతోగాని మనిషి చేతితోగాని పొదుగు నిమిరినప్పుడు మెదడునుండి ఒక రసము రక్తములోనికి వచ్చి, ఆ గ్రంథులను నొక్కి పాలు క్రిందికి దించును. దీనినే మనవారు చేపుట యందురు. ఇందుకు ఆవుకన్న గేదెకు ఎక్కువసేపు పట్టును, రెండు మూడు నిముషములైనను ఓర్వవలెను. పశువు భయపడినచో మఱియొక రసము బయలుదేఱి ఈ పనిని ఆపివేయును. అప్పుడు ఎంత లాగినను పాలు రావు. ఈ కారణముచేత మొదటి నెల ఒక్కరే, ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మాటతో పిలిచి పిండవలెను. చాల యిండ్లలో ఆ పని ఇల్లాలిదే. కొనుగోలు సమయమున ఆమెను సంతకు తీసికొనిపోవుటయో, కనీసము ఆమె మాట వినుటయో న్యాయము. పిండవలసినవా రొకరు, బేరమాడువారు మఱియొకరు నగుటచేత కలుగు నష్టము సామాన్యము కాదు.

భీమా విషయము ఒక్కమాట. భీమా చేయించిన పశువు చెవిబిళ్ళ ఊడినచో వెంటనే తెలియజేసి క్రొత్తది వేయించవలెను. బిళ్ళలేని పశువు చచ్చిన సొమ్ము రాదు.

ఇటీవల పొట్టి ఆవులను ముచ్చటకు పెంచు వేడుక మన ప్రాంతమునందును పెరుగుచున్నది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తమ నివాసమున పుంగనూరు ఆవులకు మేత పెట్టిన చిత్రములు చూచిన తరువాత ఈ కోరిక మఱింత ఎక్కువైనది. పుంగనూరు జాతి చిత్తూరు ప్రాంతమునకు చెందినది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రము దానిని కాపాడుచు వచ్చినది. ఎదిగిన ఆవు ఎత్తు సాధారణముగా మూడడుగుల ప్రాంతమున నుండును. అయితే మూడడుగులకు మించని ప్రతి ఆవు పుంగనూరు కాదు. మేత లేక గిడసబాఱిన దూడయు పొట్టిగానే యుండును, పలుజాతుల సంకరమును పొట్టిగా నుండవచ్చును. తల్లిదండ్రులను చూపలేనివానికి జాతిపేరునుబట్టి వెల ఇచ్చుట తగదు. ముచ్చటపడి దూడగా కొన్నది పెద్దదైన పిమ్మట ముంగిట నిమడక గోశాలకు చేరుచున్నది. ఆవుజాతికి 2022లో దేశమంతట వ్యాపించిన ముద్దచర్మపు వ్యాధి భయమును ఉన్నది. కావున ముచ్చటకు తెచ్చినదానికిని ముప్పది దినముల నియమము తప్పదు.

పట్టణములలోని పిల్లలు జెర్బిల్ అను చిన్న ఎలుకజాతి జంతువును పంజరములలో పెంచుచుందురు. వీని పూర్వులను 1935లో ఆమూరు నదీప్రాంతమున పట్టి జపానుకు తెచ్చిరనియు, 1954లో అక్కడనుండి అమెరికాకు పంపిరనియు జంతుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. వ్రేలెడు జంతువునకు తొంబది యేండ్ల వంశచరిత్ర వ్రాసియుండగా, లక్ష రూపాయల గేదెకు తల్లి ఎవరో తెలియకుండుట చూడుడు!

వెలపెట్టి కొనక చేరు పశువులును కొన్ని కలవు. మన తాతలనాడు 1871 నాటి చట్టముక్రింద ఊరూర బందెలదొడ్లు ఉండెడివి. చేలలో పడిన పశువులను అక్కడ బంధించి, గడువులోపల యజమాని రానియెడల వేలము వేసెడివారు. అట్లు చౌకగా వచ్చిన పశువులతో కాపురము చేసినవారు పెక్కురు. నేడు గోదావరికి వరదవచ్చినపుడు లంకలమీదినుండి కొట్టుకొనివచ్చిన పశువు మన గట్టు చేరవచ్చును. 1986 ఆగష్టు వరదయు, 1996 నవంబరు 6వ తేదీ తుపానును ఎఱిగినవారికి ఇది క్రొత్త కాదు. అట్టి పశువును పలుపు తగిలించి మనదే యనుకొనరాదు. చెవిబిళ్ళ చూచి పశువైద్యశాలకును, పంచాయతీకిని తెలియజేసినచో యజమాని దొరకుట సులభము. దొరకువఱకు మేతయు నీరును ఇచ్చి, మన పశువులకు దూరముగా కట్టుటయే చేయదగిన పని. వరదలో వచ్చిన పశువు బురదనీరు మ్రింగి, గిట్టలు నాని, బెదరి యుండును. ఎవరును లేరని తేలి మన యింట నిలిచినచో, సంతపశువునకు చెప్పినదంతయు దీనికిని వర్తించును.

తుదకు పరీక్షలో రోగమున్నదని తేలినచో ఏమి చేయవలెను? మఱుసంతకే తోలి అమ్మివేయుట అందఱికి తోచు మార్గము. అట్లు అమ్మిన గేదె మఱియొక సభ్యుని పాకకు చేరును. అది మన పొరుగుపాకయే కావచ్చును, ఆ కాలువరేవు మనదే కావచ్చును. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టమునందలి పట్టికలో ఈసుడు రోగమును, పశువుల క్షయయు చేరియున్నవి. అట్టి రోగము సోకినదని తెలిసిన యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలియజేయవలెనని అందు విధించిరి. వారు పశువైద్యునకు తెలుపుదురు. 1962 సంఖ్యకు ఫోనుచేసిన సంచార పశువైద్యవాహనము వచ్చు ఏర్పాటు మన రాష్ట్రమున 2022లో ఆరంభమైనది. వైద్యుడు వచ్చులోపల ఈసుకొనిపోయిన పిండమును మాయను కుక్కలు లాగకుండ లోతుగా గొయ్యి తీసి సున్నముచల్లి పూడ్చుడు. చేతులకు తొడుగులు లేనియెడల ప్లాస్టిక్ సంచులైనను కట్టుకొనుడు. పాకనేలమీద సున్నపునీరు చల్లుడు. ఇంటిలో జ్వరపడినవా రెవరైన నుండిన, పశువు సంగతి తమ వైద్యునకు తప్పక చెప్పుడు. ఆ మాట చెప్పకున్న మామూలు జ్వరమని నెలలతరబడి మందు లిచ్చుట జరుగుచుండును.